మల్యాల స్టేజీ దగ్గర మా అన్న

ఇలా దగ్గరికి జరుగు రాధా. ఇంకా దగ్గరికి. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట నీకు సగమే అందుతుంది, ఇది సగం విని లేచిపోయే ముచ్చట కాదు. నిన్న నువ్వు హైదరాబాదు నుంచి వచ్చి, నాలుగు రోజులు ఏవేవో దేశాల సినిమాలు చూశానని, ఒకదాంట్లో కథే లేదని, అయినా ఎందుకో ఏడుపొచ్చిందని చెబుతుంటే మీ అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. అలాంటి సినిమాలు నేనూ చూశాను తల్లీ. మూడు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగి చూశాను. అందులో ఒకదాని కోసమే మూడు ఆటలకూ పోయాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, చంకలో మీ అమ్మ.

సినిమా పిచ్చి నాకు ఎప్పటినుంచో ఉంది. సిరిసిల్లలో ఆట మారితే చాలు, అన్నం కుండ దించి పరుగెత్తేదాన్ని. మీ తాత గోవర్ధన్ కూడా అంతే. ఆయన సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు, మా దగ్గర అట్లాగే అంటారు. నేను అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేదాన్ని. రేకుల షెడ్డులో ముప్పై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని మేమంతా అరవడం మానేసి పెదాలు చూడటం నేర్చుకున్నాం. ఆ మూల నుంచి ఈ మూలకు చప్పుడు లేకుండానే ముచ్చట్లు, ఎగతాళులు, అలకలు అన్నీ నడిచేవి. ఎవరితో మాట్లాడుతున్నా కళ్లలోకి కాదు, మూతి వైపు చూడటం నాకు అక్కడే అలవాటైంది.

ఆ అలవాటుతో సినిమాకు పోతే ఏమవుతుందో తెలుసా? తెర మీద హీరోయిన్ గుండె పగిలేలా ఏడుస్తూ నన్ను విడిచి వెళ్లవద్దు అంటుంది. మూతి చూస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ ఉంటుంది. భాష రాని పిల్ల, పాపం. మాటలు తర్వాత ఎవరో చెబుతారు కదా. హాలంతా ముక్కు చీదుతుంటే మా కార్ఖానా వాళ్ల వరుస ఒక్కటే పగలబడి నవ్వేది.

“ఎనిమిది దాటిందే సత్తీ, ఇగ పాటకు లేస్తది చూడు” అనేవాడు మీ తాత.

ఆ వరుసలో అందరికంటే గట్టిగా నవ్వేవాడు మా అన్న. పేరు పరశురాములు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. అదే కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, కూలి పెంచమని సమ్మె చేయించాడు, సంఘంలో తిరిగాడు. ఒకరోజు పనిలోకి వచ్చి, మధ్యాహ్నం చాయ తాగి వస్తానని బయటికి నడిచి, మళ్లీ రాలేదు. అన్నల్లో, అదే నక్సలైట్లలో, కలిశాడన్నారు. లోపలికి పోయాడు అనేవాళ్లం మేము. లోపలికి పోయినవాళ్ల పేరు వాకిట్లో నిలబడి గట్టిగా పలకకూడదు. అవి అలాంటి సంవత్సరాలు. జగిత్యాల వైపు ఏ ఊళ్లో ఏ దొర గడీ ఖాళీ అయిందో, ఏ తోటలో ఎవరిని కాల్చారో, పొద్దున హోటల్లో పేపరు చదివేదాకా ఎవరికీ తెలియదు. ఎదురుకాల్పులని రాసినప్పుడల్లా మీ తాత పోయి చచ్చినవాళ్ల పేర్లు చదివి వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపేవాడు. అంటే మనవాడు కాదని.

మా అవ్వ, నన్ను కన్న తల్లి లచ్చవ్వ, మానేరు వాగు అవతల తంగళ్ళపల్లిలో ఒంటరిగా ఉండేది. పోలీసులు వారానికోసారి వచ్చి కొడుకెక్కడని అడిగేవాళ్లు. అవ్వకు తెలిస్తే కదా. రెండున్నరేళ్లలో ఒక చీటీ లేదు, ఒక కబురు లేదు. కొడుకు ఇంటికి రావాలని కూడా అవ్వ అడగడం మానేసింది. ఉన్నాడా లేడా, అంతే కావాలి ఆమెకు. బొట్టు పెట్టుకుని చేతికి అంటిన కుంకుమ తుడుచుకుంటూ కూడా అదే అనేది, “ఉన్నడో లేడో సత్తీ.”

అలా ఉండగా ఒక ఎండాకాలం లాంటి వానాకాలంలో, చినుకు పడక నేల నెర్రెలిచ్చిన ఏడు, సిరిసిల్లలో గోడల మీద చేత్తో రాసిన కాగితాలు వెలిశాయి. మంచి సినిమాల పండుగ, మూడు ఊళ్లలో మూడు రోజులు, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల, అందరూ రావచ్చు అని. చేయిస్తున్నది పెగడపల్లి దొర కొడుకు శశిధర్ రావు. వాళ్ల నాయన భూమి వదిలేసి, ఊరు వదిలేసి జగిత్యాలలో అద్దెకు ఉంటున్నాడు. ఈయనేమో సినిమా చదువుకు పోయి సగంలో తిరిగొచ్చి, గడ్డం పెంచుకుని, ఒక చిన్న మిషను, రెండు ఇనుప ట్రంకులు బస్సు మీద వేసుకుని తిరుగుతున్నాడు.

“దొర కొడుకు సినిమా చూపెడ్తడట, మనం కింద కూసుండాల్నా?” అన్నాడు మీ తాత.

“కూసుంటే ఏమైతది, నడుమిరుగుతదా? పా” అన్నాను.

సిరిసిల్లలో మా కులసంఘం హాలులో వేశారు. పట్టపగలు. కిటికీలకు గోనెసంచులు కుక్కి చీకటి చేశారు. ఉక్కపోత. జనం మొదట్లో రెండు వందల మంది. మొదటి సినిమా మంచుదేశానిది. సముద్రం పక్కన ఒక ఇల్లు. ఒక ఆడమనిషి చేపలకు ఉప్పు రాస్తూ ఉంటుంది. రాస్తూనే ఉంటుంది. పడవ మీద పోయిన మొగుడు రాడు. ఆమె ఏడవదు, ఎవరినీ అడగదు. ఒక చేప తీస్తుంది, ఉప్పు రాస్తుంది, పీపాలో పెడుతుంది. పీపా నిండితే ఇంకో పీపా దొర్లించుకొస్తుంది. అర్ధగంటలో హాలు సగం ఖాళీ అయింది. “ఫైటు లేదు, పాట లేదు, చేపల కంపు ఒక్కటే తక్కువున్నది” అని వెనుక నుంచి ఎవరో అన్నారు. నాకు మాత్రం ఆ కంపు వచ్చింది రాధా. ఆ చేతుల పగుళ్లలో ఉప్పు మండుతుంటే నా వేళ్లు ముడుచుకున్నాను. ఆమె మూతి చూశాను, ఆ భాష నాకు దొరకలేదు. కానీ పెదాలు కదలకుండా బిగబట్టిన మనిషి ఏమంటున్నదో చదవడానికి భాష ఎందుకు?

రెండోది రైలు గేటు కాచే ముసలాయన కథ. రైలును ఒక్కసారి కూడా చూపించరు. వస్తున్నప్పుడు ఆయన గ్లాసులో నీళ్లు వణుకుతాయి, మొహం మీద వెలుగుచారలు పరుగెడతాయి, మళ్లీ మామూలు చీకటి. కనబడనిదాన్ని ఇంతసేపు చూపించవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఎన్నో సినిమాల్లో ఎన్నో రైళ్లు చూశాను, ఒక్కటీ గుర్తులేదు. చూడని ఆ రైలు మాత్రం ఇప్పటికీ నా మొహం మీది నుంచి పోతుంటుంది.

మూడోది శశిధర్ రావు సొంతంగా తీసింది. ఇరవై నిమిషాలు. మల్యాల స్టేజీ, అంటే బస్సు ఆగే చోటు, పొద్దటి నుంచి సాయంత్రం దాకా. అంతే. కొండగట్టుకు పోయే భక్తులు, మేకలను తోలుకొచ్చినవాళ్లు, మక్కకంకులు కాల్చే ఆమె. మాటల మిషను పాడైందట, అందుకని మాటలు లేవు, కింద సన్నగా పిల్లనగ్రోవి. మా కార్ఖానా వాళ్లకు అది పండుగైపోయింది. తెర మీద ఎవరు ఏమంటున్నారో మాకు మాత్రమే తెలుస్తున్నది.

“గా ముసలామె కండక్టర్‌ను ఏమంటున్నదో చూసిర్రా? అబ్బో!” అని మీ తాత నోరు మూసుకుని నవ్వుతున్నాడు.

అప్పుడు, చాయబండి పక్కన, సీసం రంగు చొక్కాలో, గ్లాసు పట్టుకుని, మా అన్న.

నవ్వుతున్న మీ తాత చేయి నా మోచేతిని పట్టుకుంది. అంత గట్టిగా ఆయన నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. అన్న చిక్కిపోయాడు. మీసం తీసేశాడు. చాయ పోసే మనిషితో ఏదో చెబుతున్నాడు. నా కళ్లు నీళ్లతో నిండి మూతి చెదిరిపోయింది. ‘ఇంటికి’ అన్నాడు. ‘అవ్వ’ అన్నాడు. ఆ రెండే దొరికాయి. బస్సు వచ్చి అడ్డం నిలబడింది. బస్సు కదిలేసరికి బండి ఉంది, చాయ పోసే మనిషి ఉన్నాడు, అన్న లేడు.

నేను అరవలేదు. ఎందుకు అరవలేదంటే, తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మఫ్టీలో ఉన్నా పోలీసు బూట్లు బూట్లే. ఆయన తెర చూడటం లేదు, చూసేవాళ్లను చూస్తున్నాడు.

ఇద్దరం నేరుగా ఇంటికి వచ్చాం. లోపలికి వచ్చి తలుపు వేసి, కార్ఖానాలో మాట్లాడుకున్నట్టు, గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకున్నాం.

‘మల్ల చూడాలె’ అన్నాను.

‘రేపు కోరుట్లల ఉన్నది’ అన్నాడు.

మర్నాడు పొద్దున బస్సుకు కోరుట్ల పోయాం. అక్కడ బీడీ ఆకు గోదాములో వేశారు. తునికాకు వాసన గొంతు పట్టేసింది. ఉప్పు చేపల ఆమెను మళ్లీ చూశాను. ఈసారి ఆమె నాకు చుట్టం అయిపోయింది. మల్యాల సినిమా మొదలవగానే ఇద్దరం కళ్లు ఆర్పకుండా కూర్చున్నాం. నన్ను ఏడవవద్దని మీ తాత ముందే తిట్టాడు. ఏడిస్తే చదవలేవన్నాడు. ఏడవలేదు. చదివాను. ఆయనా చదివాడు. గోదాము బయట గోడ వారగా నిలబడి ఇద్దరం ఒప్పజెప్పుకుంటే ఒక్క మాట తేడా లేదు.

‘సద్దుల బతుకమ్మ నాడు మాపటీలి ఇంటికి పోత. అవ్వను చూసి రెండేండ్లాయె. సత్తి బిడ్డను గుడ ఎత్తుకోలే ఇంక.’ ఆ తర్వాత బస్సు.

సద్దుల బతుకమ్మ అంటే పండుగ ఆఖరి రోజు, దానికి ఇంకా ఇరవై రోజులే ఉంది! నాకు ఆ కోరుట్ల బజారు మధ్యలో గంతులేయాలనిపించింది. చంకలో ఉన్న మీ అమ్మను ఊపిరాడకుండా ముద్దు పెట్టుకున్నాను. అన్న ఉన్నాడు. వస్తాడు. సాయంత్రం నేరుగా తంగళ్ళపల్లిలో దిగి అవ్వకు చెప్పాం. అవ్వ నమ్మలేదు. తెరమీద మనిషి చెప్పే మాట వినడమేమిటి, మీకు పిచ్చా అంది. ఆమె పాత చేతిమగ్గం మనిషి, నిశ్శబ్దంగా నేసినామె, పెదాలు చదవడం రాదు. కానీ కొడుకు కనబడతాడంటే కాదంటుందా? జగిత్యాలకు వస్తానంది.

“అవ్వా, వాడు కనవడ్డప్పుడు పిలవద్దు” అన్నాడు మీ తాత బస్సులో, పక్కవాళ్లకు వినబడకుండా.

“నా కొడుకును నేను పిలవద్దా?”

“నువ్వు పిలిస్తే పోలీసోడు పలుకుతడు.”

అవ్వ మొహం తిప్పుకుంది. కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూర్చుంది.

జగిత్యాలలో ఒక బడి హాలు. జనం ముప్పై మంది కూడా లేరు. మఫ్టీ మనిషి ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ అంతకుముందు పౌరాణికం ఒక్కటే చూసింది జన్మలో. చేపల ఆమెను కాసేపు చూసి నా చెవిలో అంది, “గామె మొగడు రాడే. ఆమెకు ఎర్కే. ఎర్క లేనామె అయితే నాలుగు చేపలు ఉప్పు పెట్టకుంట పక్కకు తీస్తుండె, అచ్చినంక వండిపెట్టొచ్చని.” ఎంతమంది ఎన్ని రాశారో ఆ సినిమా గురించి నాకు తెలియదు రాధా, ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు మాత్రం ఉండరు.

అన్న వచ్చాడు తెరమీదికి. అవ్వ పిలవలేదు. కొంగు ముద్ద చేసి నోట్లో కుక్కుకుంది. నేను తెర చూడలేదు, అవ్వనే చూశాను. గేటు ముసలాయన మొహం మీద రైలు వెలుగు పరుగెత్తినట్టు ఆమె మొహం మీద కొడుకు వెలుగు పడి పోయింది. బస్సు కదిలాక కొంగు తీసి, చాలా మెల్లగా అడిగింది.

“సత్తీ, గా చెరువేంది గట్ల దుంకుతున్నది?”

“ఏ చెరువు?”

“గా బండెన్కకు. మత్తడి దుంకుతున్నది సూడరాదు. గీ ఏడు వానలేడివే? బస్సుల అచ్చెటప్పుడు నేను సూసిన, మల్యాల చెరువుల బర్లు నడుస్తున్నయి.”

నేను అప్పటికే రెండుసార్లు చూశాను. చెరువు నిండి అలుగు పారడం ఒక్కసారీ చూడలేదు. తెర మధ్యలో అన్న మూతి తప్ప నాకు ఏదీ కనబడలేదు. ఆ నీళ్లు ఈ ఏటివి కావు. సినిమా అంటే ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది కదా. హీరో చచ్చిపోయి పదేళ్లయినా తెరమీద పాడుతూనే ఉంటాడు, అది తెలిసినదాన్నే. అయినా అన్న దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

ఆట అయ్యాక శశిధర్ రావు రీళ్లు చుట్టుకుంటున్నాడు. దగ్గరికి పోయి మామూలుగా అడిగినట్టు అడిగాను. “సార్, మల్యాలది ఎప్పుడు తీసిండ్రు?”

ఆయన మొహం వెలిగింది. ఎవరూ అడగని ప్రశ్న కదా. “పోయినేడమ్మా. బతుకమ్మకు ఎనిమిది రోజుల ముందట. వానలు మంచిగ పడ్డయి, వెలుగు మస్తుండె.”

అవ్వ అక్కడే నేల మీద కూలబడింది. పోయినేడు సద్దుల నాడు అవ్వ ఇంట్లో లేదు. మీ అమ్మకు అది మొదటి బతుకమ్మ అని నేనే బతిమాలి సిరిసిల్లకు తీసుకొచ్చాను. ఇంటికి తాళం. రాత్రి నా దగ్గరే పడుకుని మర్నాడు పోయింది.

“పోయేసరికి వాకిట్ల గోలెం నిండ నీళ్లున్నయే సత్తీ” అంది అవ్వ. “అంచుల దాక. సాయమ్మ పోసిందనుకున్న. పక్కింటామె గదా, ముసల్దానిననుకొని పోసిందేమో అనుకున్న. అడగనన్న అడగకపోతి. చిన్నప్పటి సంది నాకు గోలెం నింపుడు వాడి పనేనాయె. నాకు ఎందుకు తట్టలేదే?”

తర్వాత అడిగాంలే. సాయమ్మ పోయలేదు.

శశిధర్ రావు ఏమీ అర్థం కాక నిలబడ్డాడు. అంతలో మఫ్టీ మనిషి దగ్గరికి వచ్చి, ఏదో పని వదిలించుకునేవాడిలా అన్నాడు, “రేపు పొద్దుగాల డబ్బలన్ని స్టేషన్‌కు తేవాలె. పెద్దసారు చూస్తడట. ఊకెనే. రిపోర్టు రాయాలె గద.” బీడీ ముట్టించుకుని పోయాడు.

నేను మీ తాత వైపు చూశాను. ఇద్దరికీ ఒకటే తట్టింది. అన్న సంగతి సరే, ఆ చాయ పోసే మనిషి మొహం తెరనిండా ఉంది. ముత్తయ్య అని బండి మీద సున్నంతో రాసి కూడా ఉంది. అన్న ఏ ఊరికి పోయాడో తెలియదు, ముత్తయ్య మాత్రం రేపు పొద్దున కూడా అక్కడే చాయ కాస్తుంటాడు. లోపలివాళ్లకు చాయ పోసినవాడిని ఆ రోజుల్లో ఏం చేసేవాళ్లో నీకు చెప్పను.

“సార్‌కు చెప్పాల్నా?” అని పెదాలతో అడిగాను.

“దొర కొడుకు” అని పెదాలతోనే అన్నాడు మీ తాత. “వాళ్ల నాయినను ఊరు ఎల్లగొట్టింది మనోళ్లే.”

మేము ఇలా మూగగా వాదించుకుంటుంటే అవ్వ లేచింది. నేరుగా పోయి శశిధర్ రావు ముందు నిలబడింది. “దొరా, నీ డబ్బల నా కొడుకున్నడు” అంది.

“నన్ను దొరా అనకవ్వా” అన్నాడాయన. తర్వాత ఆ మాట అర్థమై కూర్చున్నాడు. చాలాసేపు గడ్డం గీరుకుంటూ ఉన్నాడు. ఆ కాసేపట్లో మా బతుకులు ఆయన చేతిలో ఉన్నాయి రాధా. మా అందరికీ అది తెలుసు, ఆయనకూ తెలుసు.

“ఏ మనిషి?” అన్నాడు చివరికి. “చూపియ్యి.”

చేత్తో తిప్పి చూసుకునే చిన్న అద్దాల డబ్బా ఒకటి ఉంది ఆయన దగ్గర. రీలు దాంట్లో పెట్టాడు. పిడి నా చేతికి ఇచ్చాడు. మెల్లగా తిప్పాను. అరచేతి అంత అద్దంలో అన్న. నా చేయి ఎంత మెల్లగా తిరిగితే అంత మెల్లగా చాయ తాగుతున్నాడు. రెండుసార్లు తెరమీద చూసినప్పుడు దొరకనిది అప్పుడు దొరికింది. బస్సు వచ్చి అడ్డం నిలిచాక, బస్సు కిటికీల సందులోంచి, అటువైపు అన్న మూతి ఇంకా కనబడుతూనే ఉంది. ఇంకో మాట అంటున్నాడు.

‘నేను అచ్చినట్టు ఎవ్వలకు చెప్పకు, ముత్తన్నా.’

పిడి వదిలేశాను. చదివింది చెప్పాను. అవ్వ ఒక్క మాటే అంది. “కొయ్యి.”

“అవ్వా, ఇదొక్కటే కాపీ” అన్నాడు శశిధర్ రావు. “పైసలు లేక రెండోది తియ్యలేదు. కోస్తే మల్ల ఎక్కడ ఉండడు.”

“వాడు చెప్పద్దన్నడు గద. కొయ్యి నాయినా.”

ఆయన బ్లేడు తీశాడు. అన్న ఉన్నది నలభై సెకండ్లు. కోసి కింద పరిస్తే ఎనిమిది గజాలు వచ్చింది. మీ తాత అలవాటుగా మూరేసి కొలిచాడు. అవ్వ కట్టే చీర అంత పొడుగు, సరిగ్గా. రెండు కొసలు కలపడానికి శశిధర్ రావు అవస్థ పడుతుంటే మీ తాత ఆయనను పక్కకు జరిపి కూర్చున్నాడు. “ఇటియ్యండి సార్. తెగినదాన్ని అతుకుడు మా పని.” సాంచ మీద తెగిన పోగు కలిపే మనిషి కదా, టేపు వేసి గోటితో రాసి, అతుకు చేతికి తగలకుండా కలిపాడు.

ఒక్క బొమ్మ, గోరంత ముక్క, కత్తిరించి శశిధర్ రావు అవ్వకు ఇవ్వబోయాడు. అవ్వ తీసుకుంది. వెలుగుకు పెట్టి ఒక కన్ను మూసి చూసింది. నవ్వుతున్నట్టుంది దాంట్లో. ఆమె దాన్ని కొంగులో ముడేసుకుంది, నాలుగడుగులు వేసింది, తిరిగొచ్చి ముడి విప్పి మిగతా కుప్పలో వేసింది. “నా కొంగు గుడ ఎతుకుతరు వాళ్లు” అంది. బడి వెనుక మూడు ఇటుకల పొయ్యి మీద ఎవరో చాయ కాచి వదిలేసిన నిప్పులున్నాయి. అన్నీ దాంట్లో వేశాం. మంట లేవలేదు. ముడుచుకుని, ముడుచుకుని, నల్లగా ముద్దయింది. చెడ్డ వాసన. అవ్వ చివరిదాకా అక్కడే నిలబడింది.

పెద్దసారు మర్నాడు చూశాడట. గేటు ముసలాయన దగ్గరే నిద్రపోయాడట. ముత్తయ్యకు ఏమీ కాలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు అవ్వ ఇల్లు కదలలేదు. మేమూ తంగళ్ళపల్లికే పోయాం. గోలెం ఖాళీగా పెట్టుకుని కూర్చుంది, పిచ్చిది. ఎవరూ రాలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది, పదకొండు సద్దులు అలాగే కూర్చుంది. అన్న పేరు ఏ పేపర్లోనూ రాలేదు. ఉన్నవాళ్లలోనూ లేడు, పోయినవాళ్లలోనూ లేడు.

అవ్వ పోయాక ఒకసారి నేనూ మీ తాతా మల్యాలలో దిగి ఆ బండి దగ్గరికి పోయాం. ముత్తయ్య ముసలివాడయ్యాడు. నేను పరశురాములు చెల్లెలినని చెప్పాను. పోస్తున్న చాయ కొంచెం ఒలికింది.

“నాకెర్క లేదమ్మా. స్టేజీ గద, దినాం వెయ్యి మంది అస్తరు” అన్నాడు. మా మొహాలు చూడలేదు. రెండో గ్లాసు కూడా పోశాడు, అడగకుండానే. పైసలిస్తే బండి మీదే వదిలేసి అటు తిరిగాడు. ఇచ్చిన మాట మా దగ్గర కూడా నిలబెట్టుకున్నాడు ఆ మనిషి.

శశిధర్ రావు సినిమాకు తర్వాత పెద్ద పేరొచ్చింది. ఆయన పిలిస్తే హైదరాబాదులో ఒక పండుగకు పోయాను. మల్యాల స్టేజీ మళ్లీ చూశాను. ముత్తయ్య గ్లాసు కడుగుతుంటాడు, చటుక్కున తెర ఎగిరినట్టవుతుంది, పోతున్న బస్సు వెనుక పొగ. ఆట అయ్యాక కళ్లద్దాల ఆయన ఒకాయన లేచి, ఆ ఎగరడం ఎంత గొప్ప పని, కాలాన్ని ఎంత ధైర్యంగా కోశారు అని పావుగంట పొగిడాడు. ఎందుకలా చేశారని అడిగాడు. శశిధర్ రావు నా వైపు చూడకుండా, “ఆ రోజు బస్సు జల్ది అచ్చింది” అన్నాడు. హాలంతా చప్పట్లు. మీ తాత నా చేయి పట్టుకున్నాడు.

అప్పటినుంచి నేను ఏ సినిమా చూసినా నడిమధ్య ఉన్నవాళ్లను చూడను. వెనుక పోయేవాళ్లను చూస్తాను. సంతలో, రైల్వే స్టేషనులో, హీరో భుజం వెనుక ఒక్క నిమిషం నడిచి పోయే ఎవరినైనా. పరాయి దేశం సినిమా అయినా అంతే. ఏదో ఒక గుంపులో, ఎవరో తెలియక తీసిన ముక్కలో, మా అన్న ఇంకా ఏదో అంటూ ఉంటాడని నాకు అనిపిస్తుంది. నిద్ర పట్టక కళ్లు మూసుకున్నా ఆ మూతే కదులుతుంటుంది. కొన్నిసార్లు చదవగలుగుతాను, కొన్నిసార్లు బస్సు అడ్డం వస్తుంది.

ఎవ్వలకు చెప్పకు అన్నాడు. చెప్పలేదు బిడ్డా. ముత్తయ్య చెప్పకుండానే పోయాడు, అవ్వ పోయింది, పోయినేడు మీ తాతా పోయాడు. ఇక ఆ మాట చదివిన కళ్లు ఈ రెండే, వాటికీ పొర వచ్చింది. నువ్వు సినిమాలు చూసే పిల్లవు, చూసేవాళ్ల మధ్య తిరుగుతావు. ఎక్కడైనా ఆ సినిమా వేస్తే, తెర ఎగిరే చోట నీ పక్కన కూర్చున్నవాళ్ల చెవిలో చెప్పు. ఇక్కడ ఒక మనిషి ఉన్నాడని చెప్పు. పరశురాములు అని, చాయ తాగుతూ, తల్లిని చూడటానికి పోతానన్నాడని. పోయాడు కూడా, నీళ్లు నింపి వచ్చాడు అని చెప్పు. వాళ్లను ఇంకొకరికి చెప్పమను.